టేపు ఎవరి చేతిలో ఉంది? ఒంపుసొంపుల కొలతలు మారిన కథ

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నా పని బట్టలకు కొలతలు తీయడం, బట్ట కత్తిరించడానికి నమూనా అంటే ప్యాటర్న్ గీయడం, ఎలా గీయాలో విద్యార్థులకు చెప్పడం. కాబట్టి అందం గురించి మాట్లాడమని పిలిచినా నా చెయ్యి ముందు టేపు మీదకే పోతుంది. ఈ గంట కూడా అలాగే గడుస్తుంది, సర్దుకుపోండి.

2022 మే నెలలో న్యూయార్క్‌లో జరిగే మెట్ గాలా అనే ఫ్యాషన్ వేడుకకు టీవీ తార కిమ్ కర్దాషియన్ ఒక పాత గౌను వేసుకుని వచ్చింది. 1962లో అధ్యక్షుడు కెన్నెడీ పుట్టినరోజు వేడుకలో సినిమా తార మార్లిన్ మన్రో వేసుకుని పాడిన గౌను అది. 2016లో వేలంలో 48 లక్షల డాలర్లు పలికింది. అంత విలువైన పాత వస్త్రాన్ని ఒంటి మీద వేసుకోవడమేమిటని మ్యూజియంలలో పనిచేసేవాళ్లు బాగా కోప్పడ్డారు. ఆ కోపంలో న్యాయముంది. నా కళ్లు మాత్రం ఇంకోచోట ఆగాయి. ఆ గౌనులో పట్టడానికి మూడు వారాల్లో 16 పౌండ్లు తగ్గానని కిమ్ స్వయంగా చెప్పింది. అంటే ఏడు కిలోల పైమాటే. అంత తగ్గినా గౌను వెనకవైపు పూర్తిగా మూసుకోలేదు. పైన తెల్లటి ఫర్ స్టోల్ కప్పుకుని మెట్లెక్కింది.

1950ల్లో కర్వీ ఒళ్లు, అదే ఒంపులున్న ఒళ్లు, అంటే అందరూ మన్రో వైపు చూపించేవాళ్లు. 2010ల్లో కిమ్ వైపు చూపించారు. రెండు కాలాలకూ ఒకటే బిరుదు. ఒకరి బట్ట మాత్రం మరొకరికి ఎక్కలేదు. ఎక్కించడానికి కర్వీ మనిషి సన్నబడాల్సి వచ్చింది.

మన్రో గురించి మీరంతా వినే ఉంటారు, ఆవిడ 16 సైజు అని. "చూడండి, అప్పట్లో 16 సైజు మనిషిని ప్రపంచమంతా ఆరాధించింది, ఇప్పుడు మనం ఎంత చెడిపోయామో" అంటూ ఫొటోల కింద రాస్తుంటారు. మంచి ఉద్దేశంతోనే రాస్తారు. కానీ ఆవిడకు బట్టలు కుట్టినవాళ్ల లెక్కలు మిగిలే ఉన్నాయి. ఛాతీ 35 అంగుళాలు, నడుము 22, తుంటి 35. స్టూడియో తన ప్రచారం కోసం 37, 23, 36 అని చెప్పింది. ఎత్తు అయిదడుగుల అయిదున్నర అంగుళాలు, బరువు 118 పౌండ్ల దగ్గర, అంటే 53, 54 కిలోలు. ఆరోగ్యవంతుల బరువుకు వైద్యులు పెట్టిన కనీసపు గీతకు కొంచెమే పైన ఉందావిడ. బొద్దుగా ఉన్న మనిషి కాదు. సన్నటి మనిషే. ఆవిడ శరీరంలో గొప్పగా కనిపించింది కండ కాదు, తేడా. 35కీ 22కీ మధ్య ఉన్న 13 అంగుళాల తేడా.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే. కర్వీ అనే ప్రమాణం ఏ కాలంలోనూ ఎంత ఒళ్లు ఉండాలన్న దానితో ఆగలేదు. ఆ ఒళ్లు ఎక్కడ ఉండొచ్చు, ఎక్కడ ఉండకూడదు అన్నదే దాని అసలు లెక్క. పైన ఉండొచ్చు, కింద ఉండొచ్చు, మధ్యలో మాత్రం వీల్లేదు. కాలం మారినప్పుడు పైదీ కిందదీ కొంచెం అటూ ఇటూ అవుతాయి. మధ్యలో ఉన్న నిషేధం మాత్రం దాదాపు ఎప్పుడూ కదలదు. అందుకే సన్నటి ఒంటి ప్రమాణం నుంచి కర్వీ ప్రమాణం మనకు విడుదల ఇచ్చిందని ఎవరైనా అంటే నాకు నమ్మబుద్ధి కాదు. అదొక కొత్త పరీక్ష. పైగా ఇంకా కష్టమైన పరీక్ష. సన్నబడటం ఎలాగో కనీసం నోరు కట్టుకుంటే తెలుస్తుంది. ఒకచోట తగ్గి ఇంకోచోట పెరగడం ఎవరి చేతిలో ఉంది?

మన్రో 16 సైజు అన్న మాట ఎక్కడ పుట్టిందో చూద్దాం. తర్వాతి స్లైడ్ వేయండి. ఆఁ, ఇదే.

1939, 40 సంవత్సరాల్లో అమెరికా వ్యవసాయ శాఖలోని గృహ ఆర్థిక విభాగం ఒక పెద్ద పని తలపెట్టింది. రూత్ ఓబ్రియన్, విలియం షెల్టన్ దాన్ని నడిపించారు. దాదాపు 15 వేల మంది మహిళలకు ఒక్కొక్కరికీ 59 కొలతలు తీశారు. రెడీమేడ్ బట్టలు కొనేవాళ్లు పెరుగుతున్నారు, ఒక్కో కంపెనీ ఒక్కో కొలతతో కుడుతోంది, సరిపోక వెనక్కి వచ్చేవి గుట్టలుగా పడుతున్నాయి. దానికి పరిష్కారంగా ఈ సర్వే. ఉద్దేశం మంచిదే. కానీ నల్లజాతి స్త్రీల కొలతలు, తెల్లవారు కాని మిగతావాళ్ల కొలతలు తీసి కూడా లెక్కలో కలపలేదు. ఆ తర్వాత 1958లో ప్రభుత్వం ప్రామాణిక సైజుల పట్టిక విడుదల చేసినప్పుడు దానికి పునాది ఈ కొలతలే. ఆ పట్టికలో సైజులు 8తో మొదలయ్యేవి. 0 లేదు, 2 లేదు, 4 లేదు. 8 సైజుకు ఛాతీ 31 అంగుళాలు, నడుము ఇరవై మూడున్నర. ఇప్పటి అమెరికా 00 సైజు కంటే కూడా అది చిన్నది.

ఆ పట్టికను పాటించాలన్న నిర్బంధం లేదు. కొన్నాళ్లకు కంపెనీలకు ఒక కిటుకు దొరికింది. అదే నడుముకు చిన్న నంబరు కుడితే కొనే మనిషి సంతోషపడుతుంది, మళ్లీ వస్తుంది. దీన్నే వ్యానిటీ సైజింగ్ అంటాం. 1983లో ప్రభుత్వం ఆ పట్టికను ఉపసంహరించుకుంది. అప్పటి నుంచి ఎవరి నంబరు వాళ్లదే. ఆనాటి 16 ఈనాటి 8కి దగ్గరగా వచ్చింది. కాబట్టి పాత 16 సైజును పట్టుకొచ్చి ఇప్పటి 16 సైజు పక్కన పెట్టి పోల్చడంలో అర్థం లేదు. ఆ రెండు గౌన్లూ ఒకరికి పట్టేవి కావు. పోనీ ఆవిడ నిజంగా పాత 16 వేసుకుందా అంటే, 22 అంగుళాల నడుముకు ఏ పట్టికలోనూ అది రాదు. అంటే ఆ మాట రెండు రకాలుగానూ తప్పే.

సర్వే సంగతి ఇంకా అయిపోలేదు. అందులోంచి ఒక విగ్రహం పుట్టింది. రాబర్ట్ లాటౌ డికిన్సన్ అనే స్త్రీల వైద్యుడు, ఏబ్రమ్ బెల్‌స్కీ అనే శిల్పి కలిసి 1940ల మొదట్లో రెండు బొమ్మలు చేశారు. మగబొమ్మ నార్మన్, ఆడబొమ్మ నార్మా. వేల మంది అమెరికన్ యువతుల కొలతల సగటు తీసి, ఆ సగటుకు ప్రాణం పోసినట్టు చెక్కారు నార్మాని. ఛాతీ 35.6 అంగుళాలు, నడుము 29, తుంటి 38.8. ఆ నడుము మీద ఒక్క క్షణం ఆగండి. సినిమా 22 అంగుళాల నడుమును చూపించబోతున్న కాలానికి సరిగ్గా ముందు, ఆ దేశపు యువతుల సగటు నడుము 29.

1945లో క్లీవ్‌లాండ్ హెల్త్ మ్యూజియం ఈ బొమ్మల్ని కొంది. అక్కడి పత్రిక ఒకటి పోటీ పెట్టింది, నార్మా లాంటి మనిషి ఎవరో ముందుకు రండని. తొమ్మిది కొలతల్లో ఎవరు బొమ్మకు దగ్గరగా ఉంటే వాళ్లకు బహుమతి. సగటు కదా, సగం ఊరు దగ్గరదగ్గరగా ఉంటుంది, మిల్లీమీటర్లలో తేల్చాల్సి వస్తుందని న్యాయనిర్ణేతలు అనుకున్నారు. 3,864 మంది పేర్లిచ్చారు. తొమ్మిదికి తొమ్మిదీ కలిసినవాళ్లు ఒక్కరంటే ఒక్కరు లేరు. తొమ్మిదిలో అయిదు కలిసినవాళ్లే 40 మందికి లోపు. (నవ్వులు) మీరు నవ్వారు. అప్పటివాళ్లు నవ్వలేదు. సగటు మనిషి అనేది ఊహ అని వాళ్లకు తట్టలేదు. ఆడవాళ్లు వ్యాయామం మానేశారు, ఒళ్లు కుదురుగా ఉంచుకోవడం లేదు అనే ధోరణిలో మాట్లాడారు. బొమ్మకూ మనుషులకూ తేడా వస్తే తప్పు మనుషులదే అయింది. ప్యాటర్న్ గీసే విద్యార్థులకు నేను మొదటి తరగతిలో ఈ పోటీ కథే చెబుతాను.

ఇక వెనక్కి వెళదాం. ఇలాంటి ప్రసంగాల్లో అందరూ ఆస్ట్రియాలో 1908లో దొరికిన విలెన్‌డార్ఫ్ బొమ్మతో మొదలుపెడతారు. పదకొండు సెంటీమీటర్ల సున్నపురాయి బొమ్మ, పాతిక వేల ఏళ్లకు పైబడినది. పెద్ద పొట్ట, పెద్ద రొమ్ములు, ముఖం లేదు. "చూశారా, ఆదిమ మానవులకు లావుపాటి స్త్రీయే అందగత్తె" అంటారు. చేసిన మనిషి ఎవరో, ఎందుకు చేశారో రాసిపెట్టలేదు. అది అందానికి గుర్తా, పూజకా, గర్భిణి తన్ను తాను చూసుకుంటూ చేసిందా అన్న వాదన ఇంకా తెగలేదు. అందుకని దాన్ని సాక్ష్యంగా తేవడం నాకు ఇష్టం ఉండదు.

చైనాలో టాంగ్ వంశం కాలపు బొమ్మలు దానికంటే మంచి సాక్ష్యం. సమాధుల్లో పెట్టిన మట్టిబొమ్మలు అవి, కాలం బాగా తెలుసు. ఏడో శతాబ్దపు ఆడబొమ్మలు సన్నగా, నిటారుగా ఉంటాయి. ఎనిమిదో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి అవే కొలువుల స్త్రీలు గుండ్రటి బుగ్గలతో, వదులైన బట్టల్లో నిండుగా కనిపిస్తారు. ఒకటే వంశం, ఒకటే దేశం, మూడు నాలుగు తరాల తేడా. చక్రవర్తి ష్వాన్‌జోంగ్ మనసు పడ్డ యాంగ్ గ్వీఫే పేరు ఆ నిండుదనానికి గుర్తుగా నిలిచిపోయింది. హాన్ కాలపు రాణి జావో ఫేయన్ పేరు సన్నదనానికి గుర్తు. ఇద్దరి పేర్లూ కలిపి చైనీయుల్లో ఒక నానుడే ఉంది, ఆమె బొద్దు, ఈమె నాజూకు, ఎవరి అందం వారిదని. ఇక్కడ గమనించండి, టాంగ్ నిండుదనంలో నడుముకు లెక్కే లేదు. బట్ట రొమ్ముల పైనుంచి నేరుగా జారుతుంది. నడుము మీద నిషేధం దాదాపు ఎప్పుడూ కదలదన్నాను కదా, ఆ 'దాదాపు' ఇదుగో. యూరప్ చిత్రకారుడు రూబెన్స్ పదిహేడో శతాబ్దంలో వేసిన స్త్రీలలోనూ అంతే. వాళ్లకు పొట్ట మడతలు ఉన్నాయి, తొడల మీద గుంటలు ఉన్నాయి. ఇప్పటి లెక్కలో వాళ్లు కర్వీ కూడా కారు. ఇప్పటి కర్వీకి పొట్ట ఉండకూడదు.

పంతొమ్మిదో శతాబ్దపు యూరప్‌లో ఒంపులు ఒంటి మీద కాదు, పెట్టెలో ఉండేవి. నిజంగానే. 1856లో ఉక్కు తీగలతో చేసిన పంజరం లాంటి క్రినోలిన్‌కు పేటెంట్ తీసుకున్నారు. నడుము కింద గంట ఆకారంలో నిలబడేది. 1870ల్లో, 80ల్లో దాని స్థానంలో బస్సిల్ వచ్చింది. అంటే వెనక నడుము కింద కట్టుకునే దిండు లేదా తీగల చట్రం. పిరుదులు వెనక్కి గోడకు కొట్టిన అరలా పొడుచుకొచ్చినట్టు కనపడేవి. 1900 నాటికి ఛాతీని ముందుకూ తుంటిని వెనక్కీ నెట్టే ఎస్ ఆకారపు కార్సెట్ వచ్చింది, అంటే ఒంటిని బిగించి కట్టే లోదుస్తు. వీటి మధ్యలో నడుమును బిగించడం మామూలే. కుట్టుపనివాడి దృష్టితో చూస్తే అది నిజాయితీ ఉన్న కాలం అంటాను. ఆకారం బట్టలో ఉందని అందరికీ తెలుసు. రాత్రికి విప్పి పక్కన పెట్టేవారు. పక్కటెముకల బాధ సంగతి వేరే అనుకోండి.

కానీ విప్పడానికి వీల్లేని ఒంపులతో పుట్టిన ఒక మనిషి గురించి చెప్పకుండా బస్సిల్ గురించి మాట్లాడటం నాకు చేతకాదు. సారా బార్ట్‌మన్. దక్షిణాఫ్రికాలో ఖోయిఖోయి తెగకు చెందిన యువతి. 1810లో ఆమెను లండన్ తీసుకొచ్చి పికడిల్లీలో టికెట్ పెట్టి ప్రదర్శించారు. జనం డబ్బిచ్చి ఆమె పిరుదుల్ని చూడటానికి వచ్చేవారు. ప్రచార పత్రాల్లో ఆమెను 'వీనస్' అన్నారు. ఆ పేరులో ఎగతాళి ఉంది, ఆకలీ ఉంది. బానిసత్వాన్ని వ్యతిరేకించేవాళ్లు కోర్టుకు వెళ్లారు, ఫలితం దక్కలేదు. 1814లో పారిస్ చేర్చారు. 1815 డిసెంబరులో అక్కడే చనిపోయింది. ఆ తర్వాత ప్రకృతి శాస్త్రవేత్త కువియే ఆమె దేహాన్ని కోశాడు. అచ్చు తీశాడు. ఆమె అస్థిపంజరం, దేహపు అచ్చు పారిస్‌లోని మ్యూజియంలో 1970ల దాకా ప్రదర్శనలో ఉన్నాయి. నెల్సన్ మండేలా ప్రభుత్వం అడిగిన తర్వాత కూడా ఫ్రాన్స్ ఒప్పుకోవడానికి ఏళ్లు పట్టింది. 2002 ఆగస్టు 9న ఆమెను సొంత నేలలో ఖననం చేశారు.

ఆమె ఒంటి మీద ఉన్నప్పుడు వింత జంతువు లక్షణంగా రాసిన ఆకారాన్నే, అరవై ఏళ్ల తర్వాత పారిస్ దొరసానులు దిండు కట్టుకుని తెచ్చుకున్నారు. బస్సిల్ ఫ్యాషన్ నేరుగా సారా నుంచే వచ్చిందని కొందరు అంటారు. అంత గట్టిగా నేను చెప్పలేను. యూరప్ దుస్తుల్లో వెనక దిండు కట్టడం అంతకు ముందూ ఉంది. కానీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి స్పష్టం. అదే ఒంపు ఎవరి ఒంటి మీద ఉందన్న దాన్నిబట్టి దాని పేరు మారింది. సబ్రినా స్ట్రింగ్స్ అనే సామాజిక శాస్త్రవేత్త 2019లో ఒక పుస్తకమంతా దీని మీదే రాసింది. లావంటే పాశ్చాత్యులకు పుట్టిన ఏహ్యం వైద్యం కంటే ముందు జాతి వివక్షలోంచి, మతం నేర్పిన నిగ్రహంలోంచి పెరిగిందని ఆమె వాదన. 2010ల్లో పెద్ద పిరుదులు 'కొత్త ట్రెండ్' అని పత్రికలు రాసినప్పుడు నల్లజాతి స్త్రీలు విసుక్కున్నది ఇందుకే. వాళ్లకు అది కొత్త కాదు. వాళ్లను దానికోసమే వెక్కిరించారు కూడా.

ఇరవయ్యో శతాబ్దం మొదటి సగం త్వరగా దాటేద్దాం. 1920ల్లో ఛాతీని బ్యాండుతో అదిమి చదును చేసుకున్నారు. 1930ల్లో సినిమా నటి మే వెస్ట్ వచ్చింది. ఆవిడ ఆకారం ఎంత పేరు పడిందంటే, రెండో ప్రపంచ యుద్ధంలో విమాన సైనికులు గాలి నింపుకునే లైఫ్ జాకెట్‌కు ఆవిడ పేరే పెట్టుకున్నారు. అప్పటి అమెరికన్ పత్రికల్లో బరువు పెరగడానికి మాత్రల ప్రకటనలు కనిపిస్తాయి. బక్కగా ఉన్న అమ్మాయిని ఎవరూ చూడరు, మా మాత్ర వేసుకో అని. ఇప్పటి ప్రకటనలో 'సన్న' తీసి 'లావు' పెడితే మిగతా వాక్యమంతా అదే. 1947లో పారిస్ డిజైనర్ క్రిస్టియన్ డియోర్ 'న్యూ లుక్' తెచ్చాడు. కోటుకు తుంటి దగ్గర లోపల మెత్త పెట్టి, నడుము బిగించి. మన్రో నడుము వెనక ఆ బట్టల ఒత్తిడి ఉంది.

1966లో మోడల్ ట్విగ్గీ వచ్చింది. పదహారేళ్ల లండన్ పిల్ల, 41 కిలోలు. అందరూ దీన్ని ఒంపుల పతనం అంటారు. అప్పుడు జరిగిన అసలు మార్పు బట్టల లోపల జరిగింది. పొట్టను అదిమిపెట్టే గర్డిల్‌ను యువతులు వదిలేశారు. వదిలేశారు కానీ చదునైన పొట్ట కావాలన్న కోరిక మిగిలే ఉంది. ఫ్యాషన్ చరిత్రకారిణి వలెరీ స్టీల్ చెప్పే మాట ఒకటుంది, కార్సెట్ మాయమవలేదు, ఒంటి లోపలికి వెళ్లిందని. డైటింగ్, వ్యాయామం, సర్జరీ ఇవన్నీ దాని కొత్త రూపాలని. నాకు ఆ మాట అక్షరాలా నిజమనిపిస్తుంది. తీగల కార్సెట్‌ను రాత్రికి విప్పేవారని చెప్పాను కదా. లోపలి కార్సెట్‌ను నిద్రలో కూడా విప్పలేం. దానికి బొమ్మలు కూడా సాయం చేశాయి. 1965లో బార్బీ సెట్ ఒకదానిలో బరువు తూచే యంత్రం వచ్చింది. ముల్లు 110 పౌండ్ల దగ్గర బిగించి ఉంటుంది, కదలదు. దానితో పాటు బరువు తగ్గడం ఎలా అనే బుల్లి పుస్తకం. వెనక అట్ట మీద ఒకటే సలహా, తినొద్దు. ఆడుకునే పిల్లల చేతికి ఇచ్చారు దాన్ని.

ఇప్పుడు ఒక ప్రశ్న వస్తుంది. ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు, కాబట్టి నేనే అడుగుతాను. "మేడమ్, ఇదంతా సంస్కృతి అంటున్నారు, కానీ నడుముకూ తుంటికీ మధ్య 0.7 నిష్పత్తి ప్రకృతిలోనే ఉందట కదా?" నడుము కొలతను తుంటి కొలతతో భాగిస్తే వచ్చే అంకె అది. ఆ 0.7 టెక్సస్ విశ్వవిద్యాలయంలో దేవేంద్ర సింగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1993లో చెప్పింది. ఆయన గీత బొమ్మలు పన్నెండు గీయించి మగవాళ్లకు చూపించాడు. మామూలు బరువుతో 0.7 ఉన్న బొమ్మను ఎక్కువమంది ఎంచుకున్నారు. అందాల పోటీ విజేతలు ఏళ్ల తరబడి సన్నబడుతున్నా వాళ్ల నిష్పత్తి మాత్రం 0.7 దగ్గరే నిలిచిందని కూడా అన్నాడు. ఈ రెండో మాటను 2002లో వేరే పరిశోధకులు అవే కొలతలు తీసుకుని తిరిగి లెక్కకట్టారు. ఆ అంకె అలా నిలిచిలేదు, తేడాలు చాలానే ఉన్నాయని తేలింది.

ఇంకా రసవత్తరమైంది పెరూ అడవుల్లో జరిగింది. బయటి ప్రపంచంతో సంబంధాలు తక్కువగా ఉన్న మత్సిగెంకా తెగ మగవాళ్లకు అలాంటి బొమ్మలే చూపించారు. ఆ ఫలితాలు 1998లో అచ్చయ్యాయి. వాళ్లు ముందు బరువు చూశారు, నిండుగా ఉన్నవాళ్లను ఎంచుకున్నారు. సన్నటి నడుము బొమ్మల్ని చూసి, ఈమెకు ఈమధ్య విరేచనాలు పట్టుకున్నట్టున్నాయి అనే తీరులో మాట్లాడారు. (నవ్వులు) బయటి ప్రపంచంతో రాకపోకలున్న ఊళ్లలో అదే తెగవాళ్లు అమెరికన్లకు దగ్గరగా సమాధానాలిచ్చారు. టాంజానియాలోని హద్జా తెగలో కూడా మొదట ఇలాగే వచ్చింది. తర్వాత అదే బొమ్మల్ని ఎదురుగా కాకుండా పక్కనుంచి చూపించారు, అప్పుడు పిరుదులు బాగా ఉన్న ఆకారాన్ని ఇష్టపడ్డారు. అంటే వాళ్లకు ఒంపు ఇష్టమే, పరిశోధకులు మొదట చూపించిన వైపు కాదు! ఒక కోణంలో గీసిన గీతల్ని పట్టుకుని మనిషి జాతి మొత్తానికీ తీర్పు చెప్పేముందు కాస్త తటపటాయించాలి.

అలాగని ప్రకృతి పాత్ర లేదనను. ఆకలితో ఉన్న విద్యార్థులనూ, కడుపు నిండినవాళ్లనూ విడివిడిగా అడిగినప్పుడు, ఆకలిగా ఉన్న మగవాళ్లు కాస్త బరువైన ఆకారాన్ని ఇష్టపడ్డారని ఒకటికి మించి ప్రయోగాల్లో కనిపించింది. దక్షిణాఫ్రికా పల్లెల్లోని జూలూలకు నచ్చిన ఆకారం ఒకటి. బ్రిటన్‌కు వలస వెళ్లిన జూలూలకు నచ్చినది దానికంటే సన్నటిది. మనసు చుట్టూ ఉన్న పరిస్థితిని చూసి సర్దుకుంటుంది. ఎంత త్వరగా సర్దుకుంటుందో పసిఫిక్ దీవుల దేశం ఫిజీ చెప్పింది. నిండైన ఒంటికి గౌరవమున్న చోటు అది. 1995లో నడ్రోగా ప్రాంతానికి టీవీ వచ్చింది. యాన్ బెకర్ అనే పరిశోధకురాలు టీవీ వచ్చిన తొలివారాల్లో బడి పిల్లల్ని ప్రశ్నించింది. 1998లో మళ్లీ అదే వయసువాళ్లను ప్రశ్నించింది. తిండి విషయంలో ప్రమాదకరమైన ధోరణి ఉన్న అమ్మాయిలు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి చేరారు. మూడేళ్లలో.

ఇది విన్నాక కొందరికి ఒక మోజు పుడుతుంది, లావును ప్రేమించే సమాజాలు ఎంత మంచివో అని. పశ్చిమ ఆఫ్రికాలోని మారిటేనియాలో అమ్మాయిలను పెళ్లికి ముందు లావెక్కించడానికి బలవంతంగా పాలు, తిండి కుక్కే ఆచారం ఉంది, లెబ్లూ అంటారు. చిన్న పిల్లలు తాగలేక కక్కుకుంటే మళ్లీ తాగించేవారు. కొలత పెద్దదైనంత మాత్రాన టేపు పిల్ల చేతికి రాలేదు, పెద్దవాళ్ల చేతిలోనే ఉంది.

మళ్లీ మన కర్వీకి వద్దాం. వ్యాపారం దాన్ని రెండు పనులకు వాడింది. ఒకటి, లావు అనడానికి మర్యాద ముసుగుగా. న్యూయార్క్‌లో లేన్ బ్రయంట్ కంపెనీ వందేళ్ల కిందట 'స్టౌట్' సైజులు అమ్మింది. తర్వాత ప్లస్ అన్నారు. ఇప్పుడు అదే ర్యాక్ మీద కర్వీ బోర్డు. ముసుగు మారుతుంది, ర్యాక్ మాత్రం ఎప్పుడూ షాపులో చివరి మూలనే. రెండో పని, అసలు ఇసుక గడియారంలాంటి నడుము ఉన్న సన్నటి మోడల్‌ను పొగడటానికి. ఈ రెండూ ఒకే బోర్డు కింద నడుస్తాయి కాబట్టే గందరగోళం. 2016 దానికి ఉచ్చస్థితి. ఆ జనవరిలో మాటెల్ కంపెనీ కర్వీ బార్బీని తెచ్చింది. పాత బార్బీ బట్టలు దానికి పట్టవు. ఫిబ్రవరిలో ప్లస్ సైజు మోడల్ ఆష్లీ గ్రాహమ్ ఒక పెద్ద క్రీడా పత్రిక ఈతదుస్తుల సంచిక ముఖచిత్రమైంది. మంచి మార్పే. నేను కూడా సంతోషించాను. అయినా ఆ ముఖచిత్రాల్లో నడుము చూడండి.

అదే దశాబ్దంలో ఆసుపత్రుల్లో ఏం జరిగిందో చూస్తే నా వాదనకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. బ్రెజిలియన్ బట్ లిఫ్ట్ అంటారు. పొట్ట, నడుము నుంచి కొవ్వు పీల్చి పిరుదుల్లోకి ఎక్కిస్తారు. ఒంట్లో ఉన్న కొవ్వు అంతే, చోటు మారింది. నిషేధమున్న చోటు నుంచి అనుమతి ఉన్న చోటుకు. ఈ ఆపరేషన్‌లో కొవ్వు పెద్ద సిరల్లోకి జారితే నేరుగా ఊపిరితిత్తులకు చేరి ప్రాణం తీస్తుంది. అందం కోసం చేసే ఆపరేషన్లలో అప్పట్లో దీని మరణాల రేటు చాలా ఎక్కువ. దాదాపు 3 వేల మందికి ఒకరు చనిపోతున్నారని 2017లో సర్జన్ల సర్వేలో తేలింది. 2018లో బ్రిటన్ సర్జన్ల సంఘం దీన్ని ఆపేయమని తన సభ్యులకు చెప్పింది. తర్వాత కొవ్వును కండరంలోకి కాక చర్మం కింది పొరలోనే ఎక్కించాలని నియమాలు వచ్చాయి.

ఇప్పుడు గాలి మళ్లీ తిరిగింది. బరువు తగ్గడానికి సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్‌కు 2021లో అమెరికా అనుమతి ఇచ్చింది. డయాబెటిస్, స్థూలకాయం ఉన్నవాళ్లకు అది నిజంగా ఉపయోగపడే మందు, దాన్ని తిట్టే ఉద్దేశం నాకు లేదు. కానీ దాని వెంట ఫ్యాషన్ కూడా నడిచింది. 2025 వసంతకాలపు ర్యాంప్‌ల మీద ప్లస్ సైజు మోడళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. ఈ మందుతో ఒక ఇబ్బంది ఏమిటంటే ఒళ్లు ఒకచోట మాత్రమే తగ్గదు, ముఖం, పిరుదులు కూడా జారతాయి. ఇప్పటికే దానికి మళ్లీ నింపే చికిత్సలు అమ్ముతున్నారు.

చివరగా మీలో ప్యాటర్న్ గీసేవాళ్లకు ఒక పని మాట. అమెరికాలో 6 వేల మందికి పైగా మహిళల త్రీడీ స్కాన్లను పరిశీలిస్తే ఇసుక గడియారం ఆకారం ఉన్నవాళ్లు నూటికి 8 మందే. దాదాపు సగం మందిది నిలువు దీర్ఘచతురస్రం. మన బేసిక్ బ్లాకులు, అంటే అన్ని ప్యాటర్న్‌లకూ మూలమైన నమూనాలు, ఇంకా ఆ 8 మందినే ఊహించుకుని గీస్తున్నాం. నాకు తెలిసి కర్వీ అన్న లేబుల్‌ను నిజాయితీగా వాడే చోటు జీన్స్ కటింగ్ టేబుల్ ఒక్కటే. అక్కడ 'కర్వీ ఫిట్' అంటే మామూలు ఫిట్ కంటే నడుముకూ తుంటికీ తేడా కొన్ని అంగుళాలు ఎక్కువ ఇచ్చామని అర్థం, కూర్చుంటే వెనక నడుము దగ్గర ఖాళీ రాకుండా. అది అతి చిన్న సైజులోనూ దొరుకుతుంది, పెద్ద సైజులోనూ దొరుకుతుంది. మెచ్చుకోలు లేదు, ముసుగు లేదు, డార్ట్, అంటే బట్టను ఒంటికి పట్టించే కుట్టుమడత, ఎంత లోతు తీయాలన్నదే. రేపటి ప్రాక్టికల్‌కు ఆ రెండు ఫిట్లూ పక్కపక్కన విప్పి తీసుకురండి, సీట్ సీమ్, అదే వెనక మధ్య కుట్టు, దగ్గర తేడా చూపిస్తాను. ఇక ప్రశ్నలుంటే అడగండి.